గుడారంలో వెచ్చదనం: పొయ్యి కంటే ముందు పరుపు

డిసెంబరు, జనవరి నెలలలో లంబసింగి, అరకు వైపు వెళ్లి గుడారాలలో రాత్రి గడపడం మనవారికి ఇప్పుడు కొత్త కాదు. అమెరికా, కెనడాలలో ఉన్న మన పిల్లలలో కొందరు మంచు కురిసే చోట మందపాటి కాన్వాసు గుడారం వేసి, లోపల కట్టెల పొయ్యి కూడా అమర్చుకుంటున్నారు. ఈ సరదాను నేను తప్పుపట్టను. అయితే ఇందుకు సామగ్రిని ఎంచుకునే క్రమం మాత్రం తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. అందరూ మొదట పొయ్యి గురించి విచారిస్తారు. మొదట విచారించవలసినది ఒంటి కింద పరిచేదాని గురించి.

పడుకున్న మనిషి వేడిని నేల నిరంతరం లాగివేస్తూ ఉంటుంది. పైన ఎన్ని రగ్గులు కప్పుకున్నా ఈ నష్టం ఆగదు. స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం ఒంటి బరువుకు అణగిపోయి, వెచ్చదనాన్ని నిలిపే గాలిని పోగొట్టుకుంటుంది. గాలి నింపే మామూలు పరుపు కూడా చాలదు. లోపలి గాలి కదులుతూ వేడిని నేలకు చేరవేస్తుంది. అందుకే చలి ప్రదేశాలకు తయారు చేసిన పరుపులపై ‘ఆర్-వాల్యూ’ అనే అంకె ముద్రిస్తారు. గడ్డకట్టిన నేల మీద అది 5 గాని, అంతకు మించి గాని ఉండాలి. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఈ అంకెలు కలుస్తాయి: 2 ఉన్న నురుగు చాప మీద 4 ఉన్న పరుపు వేస్తే 6 అవుతుంది. మడతమంచం వేసుకున్నా దాని మీద పరుపు తప్పదు, మంచం కింద చల్లగాలి ఆడుతుంది కనుక.

స్లీపింగ్ బ్యాగ్ మీద సాధారణంగా రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ‘లిమిట్’ అనేది ముడుచుకుని పడుకున్న పురుషుడు ఎలాగో తట్టుకోగల చలి. ‘కంఫర్ట్’ అనేది సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల చలి. దుకాణాలవారు తరచు మొదటిదాన్నే పెద్ద అక్షరాలలో చూపుతారు. మీరు రెండవదాన్ని చూసి కొనండి. వృద్ధులైతే ఇంకా వెచ్చనిది తీసుకోవాలి.

ఇక పొయ్యి. గుడారంలో వాడే చిన్న కట్టెల పొయ్యి రెండు మూడు గంటలలో ఆరిపోతుంది. అర్ధరాత్రి దాటాక గుడారం లోపలికీ బయటికీ పెద్ద తేడా ఉండదు. కనుక పొయ్యి లేకున్నా నిద్రపట్టేటంత పక్క మీకు ఉండాలి; పొయ్యి సాయంత్రం కబుర్లకు, తెల్లవారుజామున బట్టలు ఆరబెట్టుకోవడానికి. పొగగొట్టం బయటికి పోయే చోట వేడికి తట్టుకునే కట్టుబడి ఉన్న కాన్వాసు గుడారానికే అది తగును. మన కొండలలో అద్దెకిచ్చే పలుచని నైలాన్ గుడారాలలో ఏ మంటా పనికిరాదు.

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కలవరపరిచేది మరొకటి. బయట వేసిన చలిమంట చల్లారాక, ఎర్రటి నిప్పులను కుంపటిలో ఎత్తి లోపల పెట్టుకునేవారున్నారు. పొగ లేదు కదా అని ధైర్యం. బొగ్గు నిప్పుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును కాదని దానిని 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికలూ తెలియవు. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మకండి, ఈ విషం ఎక్కినప్పుడు కూడా అది 98 శాతం అని చూపగలదు. గుడారంలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పి పుడితే కారణం వెదకుతూ కూర్చోకుండా అందరినీ ఆరుబయటకు తీసుకుపోయి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఆక్సిజన్ పెడతారు.

పొగగొట్టం ఉన్న పొయ్యికైనా, గుడారానికి కింద ఒకటి, పైన ఒకటి గాలి మార్గాలు తెరచి ఉంచాలి. చలి వస్తుందని వాటిని మూయకండి. మన శ్వాసలోని తేమ బయటికి పోయి పక్క పొడిగా ఉండేదీ వాటి వల్లనే.

మరో రెండు మాటలు. చలికి మద్యం మంచిదనే నమ్మకం తప్పు. చర్మపు రక్తనాళాలు విప్పారి వేడి ఇంకా త్వరగా పోతుంది. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు వేడినీళ్ల సంచిని కాళ్ల దగ్గర పెట్టుకోరాదు. కాలినా తెలియదు. వారికి పొడి ఉన్ని మేజోళ్లు చాలు.

కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే బ్యాటరీ అలారం ధర మంచి స్లీపింగ్ బ్యాగ్ ధరలో చిన్న భాగం మాత్రమే. ప్రయాణానికి ముందు ఇంట్లోనే మీట నొక్కి మోగుతున్నదో లేదో చూడండి. గుడారంలో దానిని తల వైపు, మీరు పడుకునే ఎత్తులో ఉంచండి.