కొత్త విండోస్ వేయకముందు

ఈ నెల మన శీర్షికలో కంప్యూటరు సంగతి వ్రాయుచున్నాము. మా ఇంట కంప్యూటరే లేదు గదా అని పేజీ తిప్పవద్దు. మీ ఇంట లేకపోయినా మీ అయ్యగారి ఇంటనో, సంఘ కార్యదర్శి ఇంటనో ఒకటి ఉండవచ్చును. మీ బాప్తిస్మపు తేదీ, మీ తలిదండ్రుల పెండ్లి తేదీ దానిలోనే ఉండవచ్చును.

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి ఉచితముగా పంపుచున్న రక్షణ సవరణలను 2025 అక్టోబరు 14తో ఆపివేసినది. ఆ రోజుతో కంప్యూటరు ఆగిపోలేదు, ఆగిపోదు కూడా. కాని ఆ తరువాత బయటపడిన లోపములకు మరమ్మతు రాదు. ఇంటర్నెట్టుకు, పదిమంది పెన్‌డ్రైవులకు తగిలించు యంత్రమునకు ఇది ప్రమాదమే. ఇండ్లలో వాడుకొనువారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు గడువు ప్రకటించినారు గాని, దానికి విడిగా నమోదు చేసికొనవలెను. అందువలన పట్నములో చదువుకొను పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు విండోస్ 11 వేసి పోవుచున్నారు. మంచి పనే. అయితే ఆ పనిలో ఏమి పోగొట్టుకొనవచ్చునో మేము 2025 క్రిస్మస్ సెలవులలో తిరుమలగిరిలో కన్నులార చూచినాము.

సూర్యాపేట నుండి జనగాం పోవు దారిలోనున్న ఆ ఊరికి ఒక కూటము కొరకు వెళ్లి, సంఘ కార్యదర్శి ఇంట దిగినాము. ఆయన ఇరువది ఏండ్లకు పైగా సంఘ రిజిస్టరును కంప్యూటరులో ఎక్కించుచున్నారు. కాగితపు పుస్తకము ఉండెడిది గాని, ఒక వానకాలములో చెదలు పట్టి సగము మన్నయినది. హైదరాబాదులో చదువుచున్న కుమారుడు ముందురోజే కొత్త విండోస్ వేసినాడు.

"అంతా కాపీ చేసిన నాయినా, ఫికరు చెయ్యకు" అన్నాడు.

అబద్ధము కాదు. డాక్యుమెంట్స్‌లో ఉన్నదంతా పెన్‌డ్రైవులో ఉన్నది. రిజిస్టరు ఫైలు తెరిచినారు. తెర నిండ ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు.

"గిదేంది బిడ్డా, ఇంగ్లీషా?"

"ఇంగ్లీషు గాదు నాయినా. ఏ భాషా గాదు."

ఆయన కుర్చీలో వెనుకకు ఒరిగిపోయినారు. ఎందుకనగా ఆ వారమే సంఘములోని ఒక అమ్మాయికి బాప్తిస్మపు సర్టిఫికెట్ ఇవ్వవలసి ఉన్నది. ఆమె దూరాన నర్సుగా పని చేయుచున్నది. వరుని సంఘమువారు ఆ కాగితము చూచిగాని పెండ్లి ప్రకటన చదువరు. ఆమె పేరున్న పుట చెదలు తిన్నదానిలో పోయినది.

జరిగినది ఇది. కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక అంకెగా దాచుకొనును. ఇంగ్లీషు పెద్ద బడి 'ఏ' అక్షరమునకు 65. మన 'అ' అక్షరమునకు యూనికోడ్ పద్ధతిలో 3077, 'క' అక్షరమునకు 3093. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు ఫాంటు కూడా ఉన్నది. కాని మన డీటీపీ పని చాలా ఏండ్లు పాత దారిలోనే నడిచినది. పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో కంపోజు చేసిన శుభలేఖలు, కరపత్రములు, పాటల పుస్తకములు ఎన్నో. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల అంకెల మీదనే తెలుగు బొమ్మలను కూర్చుండబెట్టినవి. ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనబడును. ఫాంటు తీసివేస్తే కింద ఉన్నది బయటపడును. ఆ అబ్బాయి ఫైలును కాపీ చేసినాడు, ఫాంటును చేయలేదు. అది డాక్యుమెంట్స్‌లో ఉండదు. సి డ్రైవులో విండోస్ అను ఫోల్డరు లోపల, ఫాంట్స్ అను చోట ఉండును.

ఉన్న విండోస్ 10 మీదనే విండోస్ 11 ఎక్కించి ఉంటే ఫాంట్లు, ఫైళ్లు, చాలా ప్రోగ్రాములు నిలిచి ఉండెడివి. కాని ఆ కంప్యూటరులో పాత ప్రింటరు కొరకు 32 బిట్ల విండోస్ వేయించుకొని ఉన్నారు. విండోస్ 11 ఇంటి కంప్యూటర్లకు 64 బిట్లలో మాత్రమే వచ్చును. 32 నుండి 64కు ఎక్కించు మార్గము లేదు. అంతా తుడిచి కొత్తగా వేయవలసినదే. కనుక మొట్టమొదట సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరచి, మీది ఎన్ని బిట్లదో చూడండి. అక్కడ 32 అని ఉంటే ఆ రోజు పని మానుకొనండి.

యంత్రము విండోస్ 11కు తగునో లేదో మైక్రోసాఫ్ట్‌వారి పీసీ హెల్త్ చెక్ అను ఉచిత ప్రోగ్రాము చెప్పును. 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు కావలెను. ఇంటెల్ ప్రాసెసరు అయితే సాధారణముగా 8వ తరము లేదా తరువాతిది. తగదని చెప్తే అడ్డదారిన వేయించవద్దు. పాత కంప్యూటరును ఇంటర్నెట్టు తీసివేసి టైపు పనికి ఉంచుకొనవచ్చును.

లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టదలచినవాడు ముందు ఖర్చు లెక్క చూచుకొను సంగతి మీకు తెలిసినదే. ఇక్కడి లెక్క రూపాయలలో కాదు. ఏ ఫైలు ఏ ఫాంటులో ఉన్నది, ఏ ప్రోగ్రాములో తెరచుకొనును అన్నది ఒక నోటుబుక్కులో వ్రాసుకొనండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డి డ్రైవు, ఫాంట్స్ ఫోల్డరు అన్నీ రెండుచోట్ల కాపీ చేయండి. ఒకటి మరొక ఇంట ఉండవలెను. ఆ కాపీని వేరొక కంప్యూటరులో తెరచి, చదివి చూడండి. ఇది చేయువారు అరుదు. మేమును అంతకుముందు ఎన్నడూ చేయలేదు. ముఖ్యమైనదానిని పీడీఎఫ్‌గా మార్చి దాచండి, దానిలో ఫాంటు కూడా ఇమిడిపోవును. సంఘ రిజిస్టరు మాత్రము కాగితము మీద కూడా ఉండి తీరవలెనని మా అభిప్రాయము.

కరెంటు సంగతి మరువవద్దు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద గాలివాన పట్టిన సాయంత్రము ఈ పని మొదలుపెట్టరాదు. దింపుకొనవలసినది 5 జీబీకి పైనే. ఫోను డేటా మధ్యలో అయిపోవును. పట్నములో 8 జీబీ పెన్‌డ్రైవులో తెచ్చుకొనుట మేలు. కొత్త విండోస్ కొన్ని యంత్రములలో డిస్కుకు తనంతట తానే తాళము వేయును. దానికి 48 అంకెల తాళపుచెవి ఉండును. దానిని కాగితము మీద వ్రాసి బీరువాలో పెట్టండి. పాతదాని మీద ఎక్కించినవారికి నచ్చకపోతే సాధారణముగా 10 రోజుల లోపల వెనుకకు పోవచ్చును. తుడిచి వేసినవారికి ఆ దారి లేదు.

తిరుమలగిరి సంగతికి వత్తుము. మరునాడు ఉదయము తండ్రి కొడుకులు సూర్యాపేట బస్సెక్కినారు. రెండు మూడు డీటీపీ దుకాణములు తిరుగగా, శుభలేఖలు వేయు ఒకచోట ఆ పాత ఫాంటున్న కంప్యూటరు దొరికినది. ఫైలు తెరువగానే పేర్లన్నీ తెలుగులోకి వచ్చినవి. అక్కడే కాగితము మీద తీయించి, పీడీఎఫ్ చేయించి తెచ్చినారు.

తరువాత దానిని యూనికోడ్‌లోకి మార్చినారు. మార్చు ప్రోగ్రాములు వత్తులను జారవిడుచుట కద్దు. 'క్రీస్తు' అను మాటలోనే రెండు వత్తులున్నవి. అవి జారితే 'కీసు' అగును. కనుక రెండు సాయంత్రములు కుమారుడు తెర మీది పేర్లు చదువగా, తండ్రి అద్దాలు పెట్టుకొని కాగితము పట్టుకొని సరిచూచినారు. మేమును కూర్చున్నాము. పని అరగంటలో అయ్యెడిదే గాని ఆయన పేరు పేరుకు ఆగినారు. "గీ అవ్వ చెర్వుల బాప్తిస్మం తీసుకున్ననాడు మోకాళ్ల నొప్పితోని నడువలేకపోయింది, ఎత్తుకపోయినం" అని ఒకచోట. "గీయన మీ తాతకు వరి కోత నేర్పిండు" అని ఇంకొకచోట. అబ్బాయి మొదట తొందరపడినాడు గాని, రెండవనాడు తానే "ఈయన ఎవరు నాయినా?" అని అడుగుచు చదివినాడు. ఎనిమిది తొమ్మిది పేర్లలో తప్పులు దొరికినవి. ఆ నర్సు అమ్మాయి ఇంటిపేరులో ఒకటి.

సర్టిఫికెట్ ముద్రించబోయిరి. పాత ప్రింటరుకు 64 బిట్ల డ్రైవరు దొరకలేదు. అయ్యగారు చేతితోనే వ్రాసి, సంఘ ముద్ర వేసి, సంతకము పెట్టి ఇచ్చినారు.