షానన్ పక్కన పెట్టిన ప్రశ్న

1948లో అమెరికాలో రెండు రచనలు వచ్చాయి. ఒకటి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ రాసింది. రెండోది హెరాల్డ్ లాస్‌వెల్ అనే పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ రాసింది. రెండూ కమ్యూనికేషన్ గురించే. మొదటాయన మనకి బాగా తెలుసు. నాయిస్, ఛానెల్ కెపాసిటీ అంటూ నెట్‌వర్క్స్ పేపర్‌లో కనిపిస్తూనే ఉంటాడు. రెండో ఆయన పేరు మన క్లాస్‌రూమ్‌లో ఒక్కసారి కూడా వినపడదు.

షానన్ పట్టుకున్న సమస్య ఇది: ఇక్కడ పంపిన మెసేజ్ అక్కడ తప్పుల్లేకుండా ఎలా చేరాలి? ఆ మెసేజ్‌కి అర్థం ఏంటి అనేది ఇంజినీరింగ్ సమస్యకి అవసరం లేదని వ్యాసం మొదట్లోనే తేల్చేశాడు. అలా తేల్చడం వల్లే ఆ లెక్క అంత శుభ్రంగా వచ్చింది. లాస్‌వెల్ మాత్రం చెప్పినవాడు, చెప్పిన మాట, అది వెళ్ళిన దారి, విన్నవాడు, చివరికి మిగిలిన ప్రభావం, ఈ ఐదూ చూడాలన్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ చివరి ప్రశ్న, అంటే ప్రభావం గురించిన ప్రశ్న, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇక జనరల్ నాలెడ్జ్ కాదు. మాస్ మీడియా సిద్ధాంతాలు జర్నలిజం వాళ్ళ సబ్జెక్ట్ అని మనం వదిలేయడానికి లేదు. ఎందుకంటే ఆ సిద్ధాంతాల్లో ఎడిటర్ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు మనం రాసే కోడ్ కూర్చుంటోంది.

తూటా కథ

మీడియా గురించి మనలో చాలామందికి తెలియకుండానే ఒక సిద్ధాంతం ఉంది. "జనం ఏది చూస్తే అది నమ్మేస్తారు" అంటాం. పుస్తకాల్లో దీనికి మ్యాజిక్ బులెట్ అని పేరు. మెసేజ్ తూటాలా వెళ్ళి తగులుతుంది, మనిషి పడిపోతాడు, అంతే. దీనికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 1938 అక్టోబర్ 30 రాత్రి ఆర్సన్ వెల్స్ రేడియో నాటకం. అంగారక గ్రహవాసులు దిగారన్న నాటకాన్ని వార్తలనుకుని అమెరికా మొత్తం రోడ్ల మీదకి పరిగెత్తిందని చెప్తారు. కొందరు భయపడిన మాట నిజమే. కానీ దేశమంతా పరుగులు పెట్టిందన్నది మర్నాటి పేపర్లు గోరంతని కొండంత చేసి రాసిన కథ అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అంటే తూటా సిద్ధాంతానికి పెద్ద సాక్ష్యమే సగం పుకారు.

దాన్ని నిజంగా పరీక్షించింది పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం. 1940లో రూజ్‌వెల్ట్, విల్కీ పోటీపడిన ఎన్నికల ముందు ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలనెలా కలిసి మాట్లాడారు. రేడియో, పేపర్ల ప్రచారం చూసి ఓటు మార్చుకున్నవాళ్ళు చాలా కొద్దిమందే దొరికారు. ఎక్కువమంది చెప్పింది మనుషుల పేర్లు: తోటి పనివాడు, పక్కింటాయన, ఇంట్లోవాళ్ళు. ముందు కొందరు పేపర్లు, రేడియో బాగా ఫాలో అవుతారు. వాళ్ళ నోటి మీదుగా మిగతావాళ్ళకి చేరుతుంది. దీన్నే టూ-స్టెప్ ఫ్లో అన్నారు, అంటే రెండు అంచెల ప్రవాహం. మధ్యలో ఉన్నవాళ్ళని ఒపీనియన్ లీడర్స్ అన్నారు. లీడర్ అంటే ఎమ్మెల్యేనో సర్పంచో కానక్కర్లేదు. ఆ విషయంలో నలుగురూ మాట వినే మనిషి, అంతే.

దూబగుంటలో రెండు అంచెలు

ఒహాయో మనకి దూరం. నెల్లూరు జిల్లా దూబగుంట దగ్గరే. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో ఆడవాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు ఇంటిని ఎలా నాశనం చేస్తుందో, ఊరి ఆడవాళ్ళు కలిసి సారా దుకాణాన్ని ఎలా మూయించారో ఆ కథ. 1992లో దూబగుంట ఆడవాళ్ళు నిజంగానే ఊళ్ళో సారా ఆపించారు. రోశమ్మ గారి పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది.

ఇందులో మీడియా ఏం చేసింది? ఇక్కడ రెండు తప్పు సమాధానాలున్నాయి. ఒకటి, వాచకమే ఉద్యమాన్ని పుట్టించిందని. అదే పాఠం ఇంకెన్నో ఊళ్ళలో చదివారు, అన్నిచోట్లా దుకాణం మూతపడలేదు. రెండోది, మీడియాకి సంబంధమే లేదని. అదీ కాదు. పాఠాన్ని ఒంటరిగా కూర్చుని చదవలేదు. పదిమంది గుంపుగా, గట్టిగా, తమ మొగుళ్ళ తాగుడు గురించి మాట్లాడుకుంటూ చదివారు. పేజీ మీద మాట రోశమ్మలాంటివాళ్ళ నోట్లో పడ్డాకే కదిలింది. ఆ తర్వాత ఈనాడు లాంటి పేపర్లు రోజూ ఆ వార్తలకి చోటిచ్చాయి. ఒక ఊళ్ళో జరిగింది ఇంకో ఊళ్ళో తెలిసింది. ప్రభుత్వానికి పట్టించుకోక తప్పలేదు.

పేపర్లు చేసిన ఈ రెండో పనికి కూడా ఒక పేరుంది. 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ ఊళ్ళో ఇంకా ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని 100 మందిని ముఖ్యమైన సమస్యలేంటి అని అడిగారు. వాళ్ళు చెప్పిన వరసా, అక్కడి మీడియా ప్రాధాన్యం ఇచ్చిన వరసా దాదాపు ఒకేలా వచ్చాయి. 1972లో అచ్చయిన ఈ పరిశోధన పేరు అజెండా సెట్టింగ్. మన అభిప్రాయం మార్చడం మీడియాకి అంత తేలిక కాకపోవచ్చు. కానీ ఈరోజు దేని గురించి మాట్లాడుకోవాలన్నది చాలావరకు అదే ఎంచుతుంది. సారా ఎప్పట్నుంచో ఉంది. అది ఫస్ట్ పేజీ సమస్య అయింది మాత్రం 1992లోనే.

గేటు దగ్గర కూర్చున్నది ఎవరు?

"గేట్‌కీపర్" అన్న మాట మీడియా చదువులోకి వంటింట్లోంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్ట్ అమెరికన్ల తిండి అలవాట్లు ఎలా మార్చాలో చూస్తున్నాడు. ఇంట్లో అందరినీ ఒప్పించక్కర్లేదని ఆయనకి అర్థమైంది. ఏది కొనాలి, ఏది వండాలి అన్నది గృహిణి చేతిలో ఉంది. ఆ గేటు దాటిందే కంచంలోకి వస్తుంది. తర్వాత డేవిడ్ మానింగ్ వైట్ ఇదే ఆలోచనని ఒక చిన్న పేపర్ ఎడిటర్‌కి అన్వయించాడు. ఒక వారం పాటు టెలిగ్రాఫ్ వార్తల్లో ఏవి తీసేశాడో, ఎందుకు తీసేశాడో ఆ ఎడిటర్ చేతే రాయించాడు. 1950లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలింది ఏంటంటే, వచ్చిన వార్తల్లో దాదాపు పదో వంతే పేపర్‌లోకి వెళ్ళాయి. మిగతావి ఆగడానికి కారణాలు కొన్నిసార్లు స్థలం లేక, కొన్నిసార్లు ఆ మనిషికి నచ్చక.

ఇప్పుడు ఫీడ్ ఓపెన్ చేయండి. ఆ పదో వంతుని ఎంచుతున్నది ఒక ర్యాంకింగ్ ఫంక్షన్. దానికి ఇష్టాయిష్టాలు ఉండవు అనుకుంటాం. ఉంటాయి, వాటినే వెయిట్స్ అంటున్నాం. 2012లో యూట్యూబ్ క్లిక్‌ల లెక్క తగ్గించి, ఎంతసేపు చూశారన్న లెక్కకి మారింది. అది ఒక మెట్రిక్ మార్పు. కానీ ప్రపంచంలో ఎవరు ఎలాంటి వీడియోలు చేస్తే బతుకుతారన్నది దానితో మారిపోయింది. వైట్ కలిసిన ఎడిటర్ కనీసం ఎందుకు తీసేశాడో కాగితం మీద రాశాడు. మన మోడల్‌ని అడిగితే లాస్ తగ్గిందని చెప్తుంది.

ఐదు అనే అంకె

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో దేశమంతా పాకింది. చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ జూలైలో బీదర్ జిల్లాలో పిల్లలకి చాక్లెట్లిచ్చిన పాపానికి హైదరాబాద్‌కి చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ చనిపోయాడు. షానన్ లెక్క ప్రకారం ఆ మెసేజ్‌లు పర్ఫెక్ట్. ఒక్క బిట్ కూడా చెడలేదు. ఎన్‌క్రిప్షన్ కూడా సరిగ్గా పనిచేసింది. నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటారు మన పెద్దవాళ్ళు. నిలకడకి టైమ్ ఇవ్వని సిస్టమ్‌లో ఆ సామెత ఎవర్నీ కాపాడలేదు.

ఆ నెలలోనే వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా లిమిట్ పెట్టింది. 2020లో, అప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌లకి ఆ లిమిట్ ఒకటికి తగ్గింది. ఒక కండిషన్, అందులో ఒక ఇంటీజర్. అదే గేటు. అది అంతకుముందు ఇంకా పెద్ద అంకెగా ఉన్నప్పుడు కూడా గేటే. కాకపోతే దాన్ని గేటని ఎవరూ అనుకోలేదు.

రెండో అంచె పని అదే ఏడాది తెలంగాణలో జరిగింది. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసుల్ని పంపారు. ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్ళకి వెళ్ళిన పోలీసులే గమనించారు. కారణం అడిగితే ఫోన్లో వచ్చిన వీడియోలు చూపించారు. దానికి యాప్ తయారు చేయించలేదు. డప్పులతో, పాటలతో ఊరి మధ్యలో నిలబడి ఇది అబద్ధమని చెప్పించారు. ఈరీ కౌంటీ పరిశోధన చెప్పిన మాట ఇక్కడ పనికొచ్చింది: ఫోన్లో వచ్చిన భయాన్ని దింపడానికి తెలిసిన మనిషి గొంతు కావాలి.

"అయినా మనకెందుకు?"

ఈ మాట అంటే ఫ్రెండ్స్ దగ్గర రెండు సమాధానాలు రెడీగా ఉంటాయి. మొదటిది: "మనం కోడ్ రాస్తాం, డెసిషన్ మేనేజర్‌ది." వైట్ కలిసిన ఎడిటర్ కూడా జీతగాడే, ఓనర్ కాదు. అయినా వార్త ఆగింది ఆయన టేబుల్ దగ్గరే. అన్ని నిర్ణయాలూ మన చేతిలో ఉండవు, నిజమే. కానీ ఈ నంబర్ పెంచితే ఎవరికి ఏం కనపడకుండా పోతుంది అని మీటింగ్‌లో అడగడానికి ఆ ప్రశ్న ముందు మన బుర్రలో ఉండాలి.

రెండోది: "జనానికి కావాల్సిందే ఇస్తున్నాం." దీనికి కొంత బలం ఉంది. 1970ల్లో కాట్జ్, బ్లమ్లర్, గురెవిచ్ లాంటివాళ్ళు మీడియా మనుషుల్ని ఏం చేస్తోంది అని కాకుండా, మనుషులు మీడియాతో ఏం చేసుకుంటున్నారు అని అడిగారు. కాలక్షేపానికి, తోడుకి, సమాచారానికి, ఎవరి అవసరం వాళ్ళది. ప్రేక్షకుడు మొద్దు కాదు అన్నదాంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ అతను ఎంచుకునేది గేటు దాటి వచ్చినవాటిలోంచే. పైగా మన మెట్రిక్ కొలిచేది అతని అవసరాన్ని కాదు, అతను గడిపిన సమయాన్ని. రాత్రి రెండింటికి స్క్రోల్ చేస్తున్న మనిషికి ఏం కావాలో అడిగితే నిద్ర అనొచ్చు.

తెలుగు ఎందుకు?

ఇదంతా తెలుగు పత్రికలో ఎందుకంటే, అసలు సమస్య ఇక్కడే ఉంది. నేను మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం. మనలో ఎక్కువమంది అంతే. ఒక వార్త అబద్ధమని తెలుసుకునేది ఇంగ్లిష్‌లో. ఆ అబద్ధం ఫ్యామిలీ గ్రూప్‌లో తిరిగేది మాత్రం తెలుగులో, మంచి కథలాగా, చదివించేలాగా. మనం చూసి నవ్వుకుని గ్రూప్‌ని మ్యూట్‌లో పెడతాం. అక్కడ మాట్లాడకపోవడానికి కూడా ఒక సిద్ధాంతం ఉంది. జర్మనీకి చెందిన నోల్-నాయ్‌మన్ 1974లో దాన్ని స్పైరల్ ఆఫ్ సైలెన్స్ అంది. అందరూ ఒకవైపే ఉన్నారనిపిస్తే, ఒంటరవుతామన్న భయంతో మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. వాళ్ళు మూసుకోవడం వల్ల అందరూ నిజంగానే ఒకవైపున్నట్టు కనిపిస్తుంది.

కానీ మన ఇళ్ళల్లో ఫోన్ విషయానికొస్తే ఒపీనియన్ లీడర్ ఎవరో ఒకసారి ఆలోచించండి. కొత్త ఫోన్ కొనాలంటే పెదనాన్న అడిగేది మనల్నే. యూపీఐ ఆగిపోతే అత్తయ్య కాల్ చేసేది మనకే. ఆ నమ్మకాన్ని ఇంకో పనికి కూడా వాడొచ్చు. గ్రూప్‌లో అందరి ముందు "ఇది ఫేక్" అని లింక్ పడేస్తే పెద్దవాళ్ళకి అవమానంగా ఉంటుంది. అదే విడిగా ఫోన్ చేసి, "పెదనాన్నా, ఆ వీడియో మన దగ్గరది కాదట, ఎప్పటిదో పాతది" అని రెండు నిమిషాలు తెలుగులో చెప్తే వింటారు. అవసరమైతే ఆయనే గ్రూప్‌లో చెప్తారు. ఆయన మాటకి మన లింక్ కంటే విలువ ఎక్కువ.

అందుకే క్లబ్‌కి నా ప్రపోజల్ ఒకటుంది. సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. నెలకి ఒక మీటింగ్ ఈ సిద్ధాంతాలకి ఇద్దాం. ప్రతిసారీ ఒక సిద్ధాంతం, దాని పక్కన మనం వాడే ఒక యాప్. చర్చ తెలుగులోనే జరగాలి. మొదటిసారికి గేట్‌కీపింగ్ తీసుకుందాం. మీ ఫీడ్‌లో ఒక రోజు వచ్చిన మొదటి ఇరవై పోస్టులు రాసుకుని రండి. ఏది ఎందుకు పైకొచ్చిందో, ఏది రాకుండా పోయుంటుందో కలిసి చూద్దాం.