తూకం సంతలోనే కాదు, బోల్టు దగ్గర కూడా కావాలి

జై ఆదివాసీ. 

రోజూ స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, జీవోల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు మేము బండి ఆయిల్ మార్చడం గురించి రాస్తున్నాం. ఇదేం టాపిక్ అని నవ్వకండి. కొంచెం పొడవుంది, అయినా చివరిదాకా చదవండి.

మేము పాడేరు వైపు ఊళ్ల పిల్లలం. కొందరం డిగ్రీ, కొందరం ఐటీఐ. మొన్న కాఫీ పళ్లు తీసే రోజుల్లో సెలవులకి ఇంటికెళ్లాం. మాలో ఒకడి నాన్నగారికి 100 సీసీ బండి ఉంది. ఆయిల్ మార్చాలంటే మండల కేంద్రం దాకా పోవాలి, ఒక రోజు పని పోతుంది. "మనమే మార్చేద్దాం, ఏముంది ఇందులో" అనుకున్నాం. ఫోన్లో వీడియో చూసాం. 17 నంబర్ పానాతో కింద బోల్టు విప్పాం, పాత ఆయిల్ దింపాం. అంతవరకు బాగానే ఉంది.

తిరిగి బిగించేటప్పుడే పాడు చేసాం. ఒకడు "కారుతుందేమో, ఇంకొంచెం బిగించు" అన్నాడు. ఇంకొకడు పానాకి ఇనుప పైపు ముక్క తొడిగాడు. గట్టిగా లాగాం. బిర్రుగా ఉన్న బోల్టు ఒక్కసారిగా తేలికైపోయి ఊరికే తిరగడం మొదలుపెట్టింది. ఆ తేలికదనం చేతికి తెలిసినవాళ్లకి మా గుండె ఎలా జారిందో చెప్పక్కర్లేదు. లోపల థ్రెడ్డు కొట్టుకుపోయింది. తెల్ల టేపు చుట్టి ఎలాగో పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాం. అది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

మర్నాడు ఆయన కాఫీ బస్తా కట్టుకుని బయలుదేరారు. దారిలో ఇంజన్ చప్పుడు మారింది. ఆపి చూస్తే ఆయిల్ కారిపోయి వెనక టైరు దాకా చిమ్మింది. మలుపులో జారలేదు, అదే అదృష్టం. ఇంకాస్త దూరం పోయుంటే ఇంజన్ పట్టేసేది. మెకానిక్ ఆ రంధ్రం పెద్దది చేసి కొత్త థ్రెడ్డు వేసాడు. 1,800 రూపాయలు అయ్యాయి. తొమ్మిది రోజులు బండి షెడ్లోనే ఉంది. ఆ తొమ్మిది రోజులు బస్తాలు ఇంట్లోవాళ్ల తలల మీద దిగాయి. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇది ఎందుకు జరిగిందో తర్వాత కూర్చుని చదివాం. ఆ బోల్టు ఉక్కు. అది దిగే ఇంజన్ కేసు అల్యూమినియం. రెండూ పోట్లాడితే మెత్తనిదే పోతుంది. బోల్టు పోతే చిన్న ఖర్చు, కేసు పోతే వేలు. ఆయిల్ కారకుండా ఆపేది మన బలం కాదు, బోల్టు కింద ఉండే మెత్తని వాషరు. అది నలిగి సందు మూస్తుంది. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వెయ్యాలంటారు. మేము పాత వాషరే పెట్టి, ఆ లోటు బలంతో పూడ్చాలని చూసాం.

ఎంత బిగించాలి అనేదానికి లెక్క ఉంది. దాన్నే టార్క్ అంటారు, ఇంటర్‌ ఫిజిక్సులో చదివాం కదా, బలాన్ని దూరంతో గుణించడం. చాలా 100, 125 సీసీ బండ్లకి ఈ బోల్టు బిగింపు 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి కచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. 25 న్యూటన్ మీటర్లంటే పావు మీటరు పానా చివర పది కిలోల బలంతో లాగడం, అంతే. అదే చేత్తో, అదే బలంతో అర మీటరు పైపు తొడిగి లాగితే బిగింపు రెండింతలవుతుంది. పరీక్షలో ఈ లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నాం, ఇంటి ముందు బండి దగ్గర మర్చిపోయాం.

మా అభిప్రాయం ఒక్కటే. ఇంట్లో ఆయిల్ మార్చుకోవడం మంచిదే, కానీ అందాజుగా బిగించడం మానేయాలి.

మన తాతలు సంతలో ఏం పోగొట్టుకున్నారో గుర్తు చేసుకోండి. చింతపండు, పసుపు, అడ్డాకులు మోసుకొస్తే షావుకారు తన తక్కెడతో, తన మాటతో తూచేవాడు. ఆ దోపిడీ ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అక్కడ కూడా కాటా సరిగ్గా చూపించమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. తూకం దగ్గర ఇంత పట్టుదలగా ఉన్న మనం మన సొంత బండి దగ్గర "సుమారుగా చాలులే" అనడం ఏం న్యాయం? కొలత అవతలివాడి చేతిలో ఉంటే మోసం, మన చేతిలో ఉండీ వాడకపోతే అది మన నిర్లక్ష్యం.

"మెకానిక్ అన్నలు చేతి లెక్కతోనే బిగిస్తారు కదా" అంటారు. నిజమే. ఆ చెయ్యి వేల బోల్టులు బిగించిన చెయ్యి. అదే పానా రోజూ పట్టిన చెయ్యి. ఆ చేతికి మా దండం. మన చెయ్యి ఏడాదికి రెండు మూడుసార్లు పానా పడుతుంది. దానికి ఆ జ్ఞాపకం ఎక్కడిది?

"ఒక్క బోల్టు కోసం టార్క్ రెంచి కొనాలా" అని కూడా అంటారు. ఒక్కొక్కరం కొనక్కర్లేదు. ఊరికి ఒకటి, లేదా హాస్టల్‌కి ఒకటి చాలు. పదిమంది కలిసి వేసుకుంటే తలా రెండు మూడు వందల్లో అయిపోతుంది. కొనేటప్పుడు మాత్రం చూసి కొనండి. 40 దగ్గర మొదలయ్యే పెద్ద రెంచి కారు చక్రాలకి, మనకి పనికిరాదు. 5 నుంచి 60 న్యూటన్ మీటర్ల లోపు కొలిచేది తీసుకోండి. కవర్ల మీద చిన్న బోల్టులు 10, 12 దగ్గరే ఉంటాయి, వాటినీ అదే బిగిస్తుంది.

వాడే పద్ధతి కూడా చెప్తాం. బోల్టు, రంధ్రం గుడ్డతో శుభ్రంగా తుడవండి, ఆయిల్ తడి ఉంటే అదే అంకెకి ఎక్కువ బిగిసిపోతుంది. ముందు వేళ్లతోనే తిప్పి ఎక్కించండి, అడ్డంగా ఎక్కితే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత రెంచి మీద అంకె పెట్టి, పిడి మధ్యలో పట్టుకుని నెమ్మదిగా లాగండి. టిక్కుమనగానే ఆపేయండి. "ఇంకోసారి" అని లాగొద్దు, మేము చెడింది ఆ మాట దగ్గరే. విప్పడానికి ఆ రెంచి వాడొద్దు, మామూలు పానా వాడండి. పని అయ్యాక అంకెని అడుగుకి తిప్పి పెట్టెలో పెట్టండి.

రెంచి వచ్చేదాకా ఏం చెయ్యాలి? ఊళ్లో కొక్కెం కాటా ఉంటుంది కదా. బోల్టు మధ్య నుంచి పానా మీద 25 సెంటీమీటర్లు కొలిచి అక్కడ కొక్కెం తగిలించండి. పానాకి అడ్డంగా, ఎల్ ఆకారంలో లాగండి. కాటా పది కిలోలు చూపించగానే ఆపండి. దాదాపు 25 న్యూటన్ మీటర్లు వచ్చినట్టే. పానా పొట్టిదై 20 సెంటీమీటర్లే దొరికితే పన్నెండున్నర కిలోలు. మీ బండి అంకె వేరైతే లెక్క మార్చుకోండి. రెంచి అంత కచ్చితం కాదు గానీ పైపు ముక్క కంటే నూరు రెట్లు నయం.

ఇంకో మాట, దింపిన ఆయిల్ గెడ్డలో పొయ్యకండి. కింద ఊరివాళ్లు ఆ నీళ్లే తాగుతారు. డబ్బాలో పట్టి మెకానిక్ షెడ్డుకి ఇవ్వండి.

మన కొండ ఊళ్లలో బండి షోకు కాదు. రోడ్డు లేని చోట నుంచి డోలీలో దింపిన మనిషిని అంబులెన్సు దాకా చేర్చేది చాలాసార్లు ఎవరో ఒకరి బండే. ఆ రాత్రి ఆ బండి కింద బోల్టు సరిగ్గా ఉండాలి.

అందుకే మా వంతుగా ఒక పని మొదలుపెట్టాం. మాన్యువల్స్ ఇంగ్లిషులో ఉంటాయి, పెద్దవాళ్లు చదవలేరు. మా ఊళ్లలో ఉన్న బండ్లకి బోల్టు అంకె, ఆయిల్ ఎంత పొయ్యాలి, ఏ గ్రేడు అనేవి తెలుగులో ఒక కాగితం మీద రాసి సీటు కింద అంటిస్తున్నాం. రెంచికి డబ్బులు కూడా పోగు చేస్తున్నాం. మొదటి వాటా ఆ నాన్నగారే ఇచ్చారు. మీ ఊళ్లో మీరూ మొదలుపెట్టండి. చదువు ఊరికి ఉపయోగపడడమంటే పెద్ద ఉద్యోగం వచ్చాకే అని ఆగక్కర్లేదు.

జై ఆదివాసీ.
మీ తోటి విద్యార్థులం