వేసవి జుమాకు ఏ పరిమళం?

ఉగాది దాటిందంటే మన అనంతపురం సీమలో నేల పెనంలా కాలుతుంది. ఇక్కడ సాధారణ వర్షపాతమే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఏటా నమ్మకంగా పడదు. అలాంటి ఎండలో, మిట్టమధ్యాహ్నం, జుమా నమాజుకు వందల మంది ఒకే కప్పు కింద భుజం భుజం కలిపి నిలబడతారు. పొలం నుంచి నేరుగా వచ్చిన కూలీ, గోడ కడుతూ మధ్యలో దిగి వచ్చిన మేస్త్రీ, అంగడి మూసి వచ్చిన వ్యాపారి, ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి అందరూ ఒకే సఫ్‌లో ఉంటారు. ఆ సఫ్‌లో చెమట వాసన ఉంటుంది. దానికి పైఎత్తుగా పూసుకున్న ఘాటైన అత్తర్ల వాసనా ఉంటుంది. ఈ రెండూ కలిసి పక్కవారి ఏకాగ్రతను చెడగొడతాయి. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. కాని దీని వెనుక ఒక పెద్ద విషయం దాగి ఉంది. దాన్ని గురించే ఈ వారం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

సుగంధం మన ధర్మంలో విలాసం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని సూరయె రహ్మాన్‌లో అల్లాహ్ తన అనుగ్రహాలను లెక్కిస్తూ, తినే ధాన్యంతో పాటు పరిమళించే మొక్కలను కూడా పేర్కొన్నాడు. ఎవరైనా రైహాన్ ఇస్తే కాదనవద్దని, అది మోయడానికి తేలిక, వాసనకు హాయి అని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. జుమా రోజు స్నానం చేయడం, ఇంట్లో ఉన్న నూనెనో సుగంధాన్నో రాసుకోవడం సున్నత్ అని మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఈ ఆదేశం ఎలాంటి సందర్భంలో వచ్చిందో చాలామంది ఆలోచించరు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన వివరం అబూదావూద్‌లో ఉంది. ఆనాటి ముస్లింలు కష్టజీవులు. ఉన్ని బట్టలు తొడుక్కుని, వీపు మీద బరువులు మోసేవారు. మస్జిద్ ఇరుకు, కప్పు ఎత్తు తక్కువ. ఒక వేడి రోజున చెమట వాసనతో ఒకరి వల్ల ఒకరికి ఇబ్బంది కలిగింది. అప్పుడు ప్రవక్త (స) ఈ రోజున స్నానం చేయండి, మీ దగ్గర ఉన్నవాటిలో మంచి నూనె, మంచి సుగంధం రాసుకోండి అన్నారు. మదీనా శివారు పల్లెల నుంచి దుమ్ముతో, చెమటతో వచ్చేవారి సంగతి హజ్రత్ ఆయిషా (రజి) కూడా చెప్పారు. గమనించండి! చెమటతో వచ్చినవారిని ఆయన వెనక్కి పంపలేదు, వేరే వరుసలో నిలబెట్టలేదు. అందరికీ కలిపి ఒక మర్యాద నేర్పారు. తర్వాత కాలం మారి కలిమి వచ్చాక మస్జిదును విశాలం చేశారని కూడా ఆ రివాయత్‌లోనే ఉంది. అంటే వాసన సమస్యకు పరిష్కారం కేవలం కూలీవాని మీద పెట్టిన బాధ్యత కాదు. జమాఅత్ మొత్తానిది.

మరి ఈనాడు మనమేం చేస్తున్నాం? పని బట్టలతో వచ్చిన మనిషి తనంతట తానే చెప్పుల దగ్గర, చివరి సఫ్‌లో సర్దుకుంటున్నాడు. ముందు సఫ్‌లో ఖాళీ ఉన్నా కదలడు. పక్కవారు ముక్కు చిట్లిస్తారని భయం. మరికొందరు ఈ సంకోచంతోనే జుమాకు రావడం తగ్గిస్తున్నారు. ఒకరి దగ్గర గుప్పున కొట్టే అత్తరు ఉండటం, మరొకరి దగ్గర స్నానానికి బకెట్టు నీళ్లు కూడా లేకపోవడం అల్లాహ్ ఇంట్లో సఫ్‌ను రెండుగా చీలుస్తున్నదంటే, ఆ సుగంధం దాని ఉద్దేశాన్నే కోల్పోయినట్లు.

ఇక ఏ పరిమళం అన్న ప్రశ్నకు వద్దాం. మన పెద్దలు అత్తరును రుతువును బట్టి వాడేవారు. శమామా, హినా, ఊద్ వంటి వేడి అత్తర్లు చలికాలానికి. ఖస్, గులాబ్, గిల్ వంటివి వేసవికి. ఖస్ అంటే మన వట్టివేరే. గిల్ అంటే మట్టి అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి దేగ్‌లో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టి తయారు చేస్తారు. తొలకరి వాసన సీసాలోకి దిగుతుంది. ఆ వాసన విలువ వాన కోసం ఆకాశం చూసే మన రైతుకు చెప్పనక్కరలేదు. ఇరుకు మస్జిదులో, ఎండలో, ఊద్ పూసుకుని నిలబడితే పక్కన ఉబ్బసం ఉన్నవాని గతి ఏమిటో ఆలోచించాలి.

వేసవికి అన్నిటికన్నా హాయి అయినది నిమ్మజాతి పరిమళం, దానికి తోడు ఆకుల పరిమళం. అది మన ముంగిట్లోనే ఉంది. గార్లదిన్నె, నార్పల, పుట్లూరు ప్రాంతాల చీనీ తోటలు చూడండి. చీనీ తొక్కను గోటితో గిల్లితే చాలు, చెయ్యంతా గుబాళిస్తుంది. దవనం, మరువం మన పూలంగళ్లలో దొరుకుతాయి. ఎండబెట్టిన చీనీ తొక్క, వట్టివేరు, కచ్చూరాలు కలిపి సున్నిపిండి చేసుకోవడం మన ఇళ్లలో స్త్రీలకు కొత్త కాదు. ఆ పొడి స్నానానికి, వట్టివేరు కట్ట బట్టల పెట్టెకు సరిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నిమ్మ తొక్క రసం ఒంటికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడవచ్చు. అందుకే స్నానంలో వాడితే బాగా కడుక్కోవాలి.

ఈ విద్యలో మనవారి పాత్ర కూడా తక్కువేమీ కాదు. 9వ శతాబ్దంలో అల్ కిందీ సుగంధాల తయారీ మీదనే గ్రంథం రాశాడు. సంస్కృతంలోని నారంగం పారసీలో నారంగ్, అరబీలో నారంజ్ అయింది. ఆ చెట్టును స్పెయిన్ దాకా తీసుకుపోయినవారు అరబ్బులే. తర్వాత 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో స్థాపించిన ఫరీనా వారి సంస్థ నిమ్మ, నారింజ, ఆకుల నూనెలను స్పిరిట్‌లో కలిపి అమ్మి లోకమంతా పేరు తెచ్చుకుంది. ఈనాడు ఖరీదైన సీసాల మీద కనిపించే కొలోన్ అనే మాట అలా వచ్చినదే. అలాంటి సెంట్లలోని ఆల్కహాల్ విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ద్రాక్ష, ఖర్జూరాలతో చేయని ఆల్కహాల్‌ను పైపూతగా వాడవచ్చని అనేక హనఫీ విద్వాంసులు అన్నారు. సందేహం ఉన్నవారు అత్తరుతో సరిపెట్టుకోవచ్చు. వాదన మాత్రం మస్జిదులో వద్దు.

నీళ్లే లేనప్పుడు స్నానం ఎలా అని అడుగుతారు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నీటితో గుస్ల్ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. అంటే వుజూకు ముప్పావు లీటరు, స్నానానికి సుమారు మూడు లీటర్లు. కరువు సీమలో ఉండే మనకు ఇంతకన్నా దగ్గరి సున్నత్ ఏముంది? కొళాయి ధారగా వదిలి వుజూ చేసే వ్యక్తి, తన పక్కవాని స్నానపు నీటిని పారబోస్తున్నాడని తెలుసుకోవాలి.

కాబట్టి మస్జిద్ కమిటీలకు మా మనవి ఇది. వేసవి జుమాలకు వుజూఖానా పక్కన ఒక మరుగు కట్టి, కూలీ సోదరులకు బకెట్టు నీళ్లు, సబ్బు ఉంచండి. గాలి ఆడేలా కిటికీలు తెరవండి. వాకిట్లో ఒక చిన్న సీసా ఖస్ అత్తరు, దూది పెట్టి, వచ్చిన ప్రతివారినీ అడిగి, ఇష్టపడినవారికి అందించండి. దీనికి పెద్ద చందా అవసరం లేదు. ముందు సఫ్‌లో ఖాళీ ఉంటే వెనుక నిలబడిన మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకురండి.

చివరిగా ఒక హదీసు. ఖుర్‌ఆన్ పఠించే విశ్వాసిని ప్రవక్త (స) నిమ్మజాతికి చెందిన మాదీఫలంతో పోల్చారు. దాని వాసనా మంచిదే, రుచీ మంచిదే. ఖుర్‌ఆన్ పఠించే కపటిని రైహాన్‌తో పోల్చారు. వాసన మంచిదే కాని రుచి చేదు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ మాట ఉంది. అత్తరు పూసుకుని పక్కవాని చెమటను అసహ్యించుకునేవాడు తాను ఈ రెంటిలో దేనికి దగ్గరగా ఉన్నాడో తానే తేల్చుకోవాలి. కష్టార్జితపు చెమటకు అల్లాహ్ దగ్గర విలువ ఉంది. దాన్ని కడుక్కునేందుకు నీళ్లు ఇవ్వడం మన వంతు.

మన ఒంటి పరిమళానికి తగ్గ మంచితనాన్ని మన మనసులకు, ఎండిన మన నేలకు రహ్మత్ వానను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.