తోలు ఎవరిది? పేరు ఎవరికి?

ఫ్యాక్టరీ పెట్టినవాడి పేరు చరిత్రలో ఉంటుంది. అందులో చర్మం గీకినవాడి పేరు ఉండదు. ఎందుకిలా అని అడగని చదువు సగం చదువేనని మేము అనుకుంటున్నాం. దీనికి కాన్పూర్ కథ ఒక్కటి చాలు.

1876లో కాన్పూర్‌లో ఉన్ని మిల్లు మొదలైంది. 'లాల్ ఇమ్లీ'గా దేశమంతా ఎరిగినది అదే. 1884లో దాని మేనేజరుగా స్కాట్లాండ్ నుంచి అలెగ్జాండర్ మెక్‌రాబర్ట్ వచ్చాడు. ఆయన ఉన్నవాళ్ల బిడ్డ కాదు. 12 ఏళ్లకే బడి మాని కాగితం మిల్లులో నేల ఊడ్చాడు. సాయంత్రం తరగతుల్లో చదువుకుని పైకొచ్చాడు. 1910లో 'సర్' అయ్యాడు. 1920లో ఉన్ని, నూలు మిల్లులనూ, కూపర్ అలెన్ తోలు కంపెనీనీ, నార్త్ వెస్ట్ టానరీనీ కలిపి బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ పెట్టాడు. 1922లో బారోనెట్ బిరుదు అందింది, ఆ ఏడాదే చనిపోయాడు.

మొదటి భార్య జార్జినా పేరున కాన్పూర్‌లో ఆసుపత్రి వెలిసింది. రెండో భార్య రేచల్ ముగ్గురు కొడుకులనూ విమానాల్లోనే పోగొట్టుకుంది. 1938లో ఒకరు ప్రమాదంలో, 1941లో ఇద్దరు యుద్ధంలో. ఆ తల్లి 25 వేల పౌండ్లిచ్చి బాంబర్ విమానం కొనిచ్చింది. ఆ కుటుంబ ట్రస్టు పేరుతో 1969 నుంచి బ్రిటన్‌లో ఇంజనీర్లకు అవార్డు ఇస్తున్నారు.

ఆ తల్లి కడుపుకోతను మేము తక్కువ చేయడం లేదు. దానాలూ మంచివే. కానీ ఆ సొమ్ము ఎక్కడిది? సైన్యానికి అమ్మిన బూట్లది, దుప్పట్లది. పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తుమ్మచెక్క రసంలో వారాల తరబడి ఊరబెడితేనే తోలవుతుంది. ఆ కంపును భరించింది ఎక్కువగా చమార్లూ, పేద ముస్లింలూ. వాళ్ల పేరున ఏ అవార్డు ఉంది?

'ఫ్యాక్టరీలే కదా వాళ్లను ఊరి వెట్టి నుంచి తప్పించాయి' అని కొందరంటారు. కొంత నిజమే. నెల జీతం చేతికొచ్చింది. కానీ జీతం దానంతటదే ఆత్మగౌరవం కాదు. దాన్ని వాళ్లే సంపాదించుకున్నారు. 1920లలో స్వామి అఛూతానంద్ ఆది హిందూ ఉద్యమానికి కాన్పూర్ కేంద్రమైంది. ఇక్కడ హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ ఎత్తుకున్నదీ అదే పేరు. 1944లో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ మహాసభకు అంబేద్కర్ వెళ్లిందీ ఆ కాన్పూరుకే.

1981లో ప్రభుత్వం ఆ కార్పొరేషన్‌ను తీసుకుంది. తర్వాత అది నష్టాల్లో కూరుకుపోయింది. కంపెనీ చితికినా కుటుంబం పేరు నిలిచింది. ఎందుకంటే రాసిపెట్టినవాళ్లున్నారు.

నేల ఊడ్చే పిల్లవాణ్ని 'సర్'ని చేసింది సాయంత్రం చదువు. మనకు ఆ అవకాశం ఈ హాస్టల్. అయితే మనం ఒక్కరమే పైకొస్తే చాలదు. మన తాతలు లందలో ఊరబెట్టిన తోలు, తంగేడు చెక్క కొట్టిన చేతులు, కుట్టిన మోటబొక్కెనలు ఎవరు రాస్తారు? మనమే రాయాలి. వచ్చే ఏడాది సంచికలో నాలుగు పేజీలు మన పెద్దల పనికీ, పేర్లకూ కేటాయించాలని మా కోరిక. సెలవులకు ఇంటికెళ్లే ప్రతి తమ్ముడూ, చెల్లీ అవ్వనూ తాతనూ అడిగి రాసుకుని రావాలి. పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ అచ్చు ఖర్చు చూసుకోవాలి.