పతకం స్వదేశీ, వర్ణం విదేశీయా?

టోక్యో ఒలింపిక్స్‌లో ఉక్రెయిన్‌కు లభించిన ఏకైక స్వర్ణాన్ని సాధించినవాడు మల్లయోధుడు జాన్ బెలెనియుక్. ఆయన కీవ్‌లో జన్మించాడు. తల్లి ఉక్రెయిన్ మహిళ, తండ్రి రువాండా దేశీయుడు. 2019లో పార్లమెంటుకు ఎన్నికై, ఆ సభలో అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడయ్యాడు. అయినా 2021 ఆగస్టులో, పతకం తెచ్చిన నెలలోనే, సొంత నగర వీధిలో కొందరు ఆయనను ఆఫ్రికాకు పొమ్మని దూషించారు. ప్రజాప్రతినిధికే ఈ గతి పడితే సామాన్య నల్లజాతీయుని మాటేమిటి?

2012లో యూరోవిజన్ పాటల పోటీకి, కాంగో దేశీయుని కుమార్తె గైతానా ఎంపికైనప్పుడు కూడా ఒక జాతీయవాద నాయకుడు ఆమె తమ సంస్కృతికి ప్రతినిధి కాదన్నాడు.

2022 ఫిబ్రవరిలో రష్యా దండెత్తినప్పుడు, ప్రాణభయంతో సరిహద్దులకు పరుగెత్తిన ఆఫ్రికా విద్యార్థులు తమను రైళ్ల వద్ద, వరుసల్లో వెనక్కి నెట్టారని వాపోయారు. ఆ నెల 28న ఆఫ్రికా యూనియన్ దీనిని తీవ్రంగా ఖండించింది. మన తెలుగు వైద్య విద్యార్థులూ ఆ చలిలోనే పడిగాపులు కాశారు.

రష్యా దురాక్రమణను మేము నిర్ద్వంద్వంగా ఖండిస్తున్నాము. అయితే యుద్ధబాధిత దేశంలోని వర్ణవివక్షను ప్రశ్నించరాదన్న వాదనను అంగీకరించము. బాంబు రంగు చూసి పడదు. రైలు తలుపు మాత్రం రంగు చూసి ఎందుకు తెరుచుకోవాలి? గెలిచిననాడు మావాడని, వీధిలో కనబడిననాడు పరాయివాడని అనడం పౌరసత్వాన్ని అవమానించడమే. ఆనాడు మన పిల్లల కోసం కోరిన న్యాయాన్నే ఈ నల్లజాతి సోదరుల కోసమూ కోరడం మన బాధ్యతగా మేము భావిస్తున్నాము.