లెక్కలు రానిది మా పిల్లలకు కాదు

"ఏజెన్సీ పిల్లలకు లెక్కలు ఎక్కవండీ. ఆటలైతే బాగా ఆడతారు. డాన్సు బాగా చేస్తారు."

ఈ మాట ఎన్ని స్టాఫ్ రూముల్లో, ఎన్ని మీటింగుల్లో వినలేదు! ఇందులో తిట్టు కనిపించదు. మెచ్చుకున్నట్టే ఉంటుంది. అందుకే ఇది ఎక్కువ ప్రమాదం. తిడితే ఎదురు తిరుగుతాం, జాలిపడితే నమ్మేస్తాం. చివరికి పిల్లలే "మావాళ్లకి మ్యాథ్స్ రాదు సార్" అని తమ నోటితో చెప్పుకుంటున్నారు.

అసలు సంగతి మాట్లాడుకుందాం.

శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, అవతల ఒడిశాలోనూ సవర భాష ఉంది. ఆ భాషలో లెక్క పది దగ్గర మలుపు తిరగదు, పన్నెండు దాకా పోతుంది. పన్నెండుకి మిగ్గెల్ అని సొంత మాట. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. అక్కడ్నించి ఇరవై ఒక కట్ట. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 99 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఏడు. ఒకే సంఖ్యలో రెండు రకాల కట్టలు!

ఈ పద్ధతిని దేశదేశాల భాషా పండితులు ఆశ్చర్యపోయి చదువుకున్నారు. మన గిడుగు రామమూర్తి గారు సవర భాష మీద 1931లోనే పుస్తకం అచ్చు వేయించారు. దాదాపు వందేళ్లు. ఇంతవరకు మన లెక్కల పీరియడ్‌లో మిగ్గెల్ అన్న మాట ఎవరైనా పలికారా?

పలికితే ఏమవుతుందో చూడండి. "సార్, మా భాషలో పన్నెండు దాకా ఎందుకుంది, మీ దాంట్లో పదికే ఎందుకు మారింది?" అని ఒక పిల్ల అడుగుతుంది. పదికి ఆధారం చేతివేళ్లు. మరి పన్నెండులో ఏముంది? పంచి చూడండి. పదిని ఇద్దరికి, అయిదుగురికి సమంగా పంచగలం, ముగ్గురు వస్తే తెగదు. పన్నెండుని ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి పంచొచ్చు. గడియారంలో పన్నెండు, డజనులో పన్నెండు ఊరికే నిలబడలేదు. సవర భాషకీ ఇదే కారణమా? అది వేరే ప్రశ్న, తవ్వాల్సిన ప్రశ్న. అలా తవ్వడమే గణితం. ఎక్కం అప్పజెప్పడం దాని గుమ్మం మాత్రమే.

కానీ మన దగ్గర గణితం అంటే ఏంటి? స్పీడు. ర్యాంకు. షార్ట్‌కట్టు. నిమిషంలో బిట్టు కొట్టినోడే తెలివైనోడు. ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి మహిళ మరియం మీర్జాఖానీ తాను నెమ్మదిగా ఆలోచించే మనిషినని చెప్పుకుంది. ఆమె మన కోచింగ్ సెంటర్లో చేరి ఉంటే ఏ సెక్షన్లో పడేసేవాళ్లు?

ఇంకో రకం వాళ్లున్నారు, మన మేలు కోరేవాళ్లే. "సంతలో షావుకారు తూకంలో మోసం చేయకుండా ఉండేంత లెక్క వస్తే చాలు" అంటారు. మోసపోకుండా ఉండాలి, ఒప్పుకుంటాం. కానీ చాలు అని గీత గీసే హక్కు మీకెవరిచ్చారు? పట్నం పిల్లాడికి ప్రధాన సంఖ్యల అందం, మా పిల్లకి చింతపండు తూకమా? పొట్టకూటికే చదువు అన్నప్పుడే మనిషిని సగం చేసినట్టు. ఆనందం కూడా హక్కే.

ఇది తలరాత కాదు, నిర్ణయాల ఫలితం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణ చెప్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కువి లాంటి భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నెం.3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. పోయింది ఉద్యోగాలు మాత్రమే అనుకుంటున్నారా? పిల్ల తన భాషలో ప్రశ్న అడిగితే అర్థం చేసుకునే మనిషిని కూడా క్లాసులోంచి దూరం చేశారు. భాష తెలియని టీచరు ముందు పిల్ల మౌనంగా ఉంటే, ఆ మౌనానికి "లెక్కలు రావు" అని పేరు పెట్టారు.

కాబట్టి అడుగుదాం. మా భాషల్లోని లెక్క మొదటి తరగతి పుస్తకంలోకి రావాలి. ఆ భాష తెలిసిన టీచర్లు కావాలి, దానికి చట్టం కావాలి. ఆశ్రమ పాఠశాలల్లో లెక్కల టీచర్ పోస్టు ఒక్కటి కూడా ఖాళీగా ఉండకూడదు.

ఇంట్లో ముసలివాళ్లుంటే ఈ రాత్రే అడగండి, మన భాషలో వంద దాకా ఎలా లెక్కపెడతారో. పిల్లల చేత రాయించండి. చాలాచోట్ల తెలుగు, ఒడియా అంకెలే మిగులుతున్నాయి. ఆ లెక్క పోతే తిరిగి తెచ్చేవాళ్లుండరు.

"మీకు లెక్కలు రావు" అన్నవాళ్లని మాత్రం ఒక్కటే అడగండి: సార్, మీకు మా లెక్క వచ్చా?